గణాలు కుదిరితే చాలునా?

పెళ్ళి సంబంధం వచ్చిందంటే పెద్దలు ముందు పంచాంగంలో గుణమేళనం పట్టిక తీస్తారు. ఇరవై ఏడు నక్షత్రాలు, తొమ్మిదేసి చొప్పున దేవ, మనుష్య, రాక్షస గణాలు. రోహిణిది మనుష్యగణం, మఖది రాక్షసగణం. ఆ రెండింటికీ పొసగదని పట్టిక తీర్పు. గణానికి 6, నాడికి 8, అన్నీ కలిపి 36 గుణాలు. 18 వస్తే ముహూర్తం మాట ఎత్తవచ్చు. దీన్ని చూసి నవ్వే చదువరులే ఆఫీసులో వ్యక్తిత్వ పరీక్ష రాసి, తమకు వచ్చిన నాలుగక్షరాల రకాన్ని గొప్పగా చెప్పుకుంటారు. మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ స్వభావ రకాల మీద 1921లో వేసిన పుస్తకాన్ని పట్టుకుని అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మయ్యర్స్ మనుషుల్ని 16 రకాలు చేశారు. లిథువేనియాలో ఔష్రా ఔగుస్టినావిచ్యూతే 1970లలో మరో అడుగు వేసి, ఏ రకానికి ఏ రకంతో పొత్తు కుదురుతుందో కూడా పట్టిక కట్టింది. పంచాంగానికీ దీనికీ నమ్మకం ఒకటే: ఇద్దరి మధ్య పొత్తు వాళ్ళ స్వభావాల్లోనే తేలిపోయి ఉంటుందని. తేల్చేది స్వభావం కన్నా ఆ ఇద్దరి మధ్య ఉన్న పని, అవసరం అని నా వాదన.

ఈ మాట పరీక్షించడానికి పుట్టపర్తి మంచి చోటు. సత్యసాయిబాబా ఉన్న రోజుల్లో అక్కడి ఆశ్రమం ప్రశాంతి నిలయంలో దర్శనానికి ముందు జనం బయట వరుసలు కట్టి నేలమీద కూర్చునేవారు. ప్రతి వరుసలో మొదటి మనిషి సంచిలో చెయ్యి పెట్టి ఒక బిళ్ళ తీయాలి. దాని మీద 1 ఉంటే ఆ వరుస ముందుగా లోపలికి; పెద్ద అంకె పడితే చివరికి. తెల్లవారకముందే వచ్చిన జాగ్రత్తపరుడికీ, తీరిగ్గా వచ్చి వెనక చేరిన నిదానస్థుడికీ గతి ఒకటే. ఒకరి భాష ఒకరికి తెలియని దేశాలవాళ్ళు మోకాలికి మోకాలు తగిలేలా కూర్చునేవారు. ఎవరి పక్కన ఎవరన్నది ఏ గణమూ చూడలేదు. అయినా వరుస సాగింది. అందరికీ కావలసింది ఒకటే గనక. భగవద్గీత ఏడో అధ్యాయంలో భక్తులు నాలుగు రకాలు: ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని. మొదటి ముగ్గురినీ వేరుచేసింది పుట్టుక కాదు, ఎందుకోసం వచ్చారన్నది. 1991లో ఇక్కడ మొదలైన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి గుండె జబ్బుతో ఆర్తుడై వచ్చినవాడు, నయమయ్యాక జిజ్ఞాసువు కావచ్చు. అవసరం మారితే రకమే మారిపోతుంది.

మరి స్వభావమే లేదంటారా అని అడగవచ్చు. ఉంది, కొంత పుట్టుకతోనే వస్తుంది. కానీ అది ఎక్కువతక్కువల వ్యవహారం. మాటకారికీ మౌనికీ నడుమనే ఎక్కువమంది ఉంటారు. సరిగ్గా అక్కడే గీత గీస్తే, దాదాపు ఒకేలాంటి ఇద్దరు చెరో గడిలో పడతారు. అయినా వర్ణన చదవగానే అచ్చం మన గురించే రాసినట్టు అనిపిస్తుందే? 1948లో మనస్తత్వవేత్త బెర్ట్రమ్ ఫోరర్ తన విద్యార్థులకు పరీక్ష పెట్టి, అందరికీ ఒకే వర్ణన పంచాడు. అది తమకు ఎంత సరిపోయిందో చెప్పమంటే, సగటున అయిదుకు 4.26 మార్కులు వేశారు.

రకాలు కలిసినా తగవు ఆగదు. మనస్తత్వవేత్త ముజఫర్ షెరీఫ్ 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో ఒక శిబిరంలో ఒకే ఈడు, ఒకే తరహా ఇళ్ళ పిల్లల్ని రెండు జట్లు చేసి పోటీలు పెడితే కొట్టుకునేదాకా వెళ్ళారు. శిబిరానికి నీళ్ళు ఆగిపోయేలా చేసి, రెండు జట్లూ కలిస్తే తప్ప తీరని ఇలాంటి పనులు వరుసగా పెట్టాక వైరం తగ్గింది. పరిశోధకులే కథ నడిపించారన్న విమర్శ న్యాయమే. అయితే ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం మెట్టలో ఆ కథ నడపడానికి పరిశోధకుడు అక్కర్లేదు. వాన కురిసి పదునైతే, అది ఆరకముందే వేరుశనగ విత్తనం పడాలి. ఆ రెండు మూడు రోజులూ తొందరపాటువాడు గొర్రు తోలితే, నెమ్మదస్తురాలు వెనకే విత్తనం వేస్తూ నడుస్తుంది. ఇద్దరి తీరూ పనికొస్తుంది. అదే ఇద్దరు, చేతిలో పని లేని కరువు నెలల్లో, ఒక బిందె దగ్గర పోట్లాడుకోవచ్చు.

పొద్దున ఒక గంట వరుసలో కూర్చోవడమూ, విత్తనపు రోజులూ వేరు, ముప్పై ఏళ్ళ కాపురం వేరు అన్నది గట్టి ఆక్షేపణే. ఆస్ట్రేలియా, బ్రిటన్, జర్మనీలలో వేలాది జంటల్ని చూసి 2010లో వచ్చిన ఒక పరిశోధన దీనికి జవాబిస్తుంది: దంపతుల స్వభావాలు ఒకేలా ఉండడం వల్ల సంతృప్తిలో వచ్చే తేడా అతి స్వల్పం. అంతకన్నా లెక్కకొచ్చేది ఎవరికి వారి నిదానం, ఓర్పు, బాధ్యత. అంటే స్వభావానికి విలువ ఉంది, జోడీల పట్టికకే లేదు. ఇక ప్రశాంతి నిలయంలో అందరినీ కలిపింది భక్తే కదా అంటే, నేననేదీ అదే. కలిపింది ఉమ్మడిగా పట్టుకున్న ఒక అక్కర. కనుక సంబంధం చూసేవాళ్ళు గణం అడిగితే అడగనీ, దాంతోపాటు ఇద్దరూ కలిసి మోయబోయే బరువేమిటో, ఎవరి వంతు ఎంతో కూడా అడగాలి. మొదటి ప్రశ్నకు జవాబు పుట్టిననాడే ఖాయమైపోతుంది. రెండోదాన్ని ఆలుమగలు ఎప్పుడైనా కూర్చుని సరిదిద్దుకోవచ్చు.