మల్లి మేని చిక్కు

నన్నయ భట్టారకుడు తెనిగించిన మహాభారతంలో, ఆదిపర్వపు తొలి ఘట్టాలలోనే ఒక కుక్కపిల్ల దుఃఖం కనిపిస్తుంది. జనమేజయుని తమ్ములు ఏ తప్పూ చేయని సారమేయుణ్ణి కొట్టారు. ఆ కూన తల్లి సరమ, రాజు ఎదుటికే వచ్చి నిలదీసింది. చిలకలూరిపేటకు చేరువలోని ఒక పల్లెలో పత్తి, మిరప పండించే వృద్ధ రైతుకు ఈ కథ చిన్ననాటి నుండి తెలుసు. ఆయన ఇంటిలో కుక్క మీద చేయెత్తినవారు లేరు. అయినప్పటికీ ఒక దసరా సెలవులలో సరమ ఆయన మనసులో మెదిలింది.

ఆ ఇంటికి మల్లి వచ్చేనాటికి మనుమరాలు ఎనిమిదవ తరగతి చదువుతున్నది. మన ఊళ్లలో ‘పామరేనియన్’ అని పిలిచే తెల్లని బొచ్చుకుక్కలలో చాలావాటికి సరైన పేరు ఇండియన్ స్పిట్జ్. 1994లో విడుదలైన ‘హమ్ ఆప్‌కే హైఁ కౌన్’ అనే హిందీ చిత్రంలో అందరినీ ఆకట్టుకొన్న టఫీ ఈ జాతిదే. స్పిట్జ్ జాతుల పూర్వులు చలిదేశాలవి. కనుకనే వీటి ఒంటిమీద రెండు వరుసల వెంట్రుకలుంటాయి. చర్మాన్ని అంటిపెట్టుకొని దూదివంటి మెత్తని లోబొచ్చు, దాని పైన వానను, దుమ్మును అడ్డుకొనే నిడుపాటి రోమాలు.

గుంటూరు, ప్రకాశం మైదానం తనకు తగిన పశువును తానే తీర్చుకొన్నది. ఒంగోలు గిత్త ఒంటిమీది తెల్లని పొట్టి వెంట్రుకలు ఎండను తిప్పికొడతాయి. దానిని చెరువులో దింపి, గడ్డిచుట్టతో రుద్ది, ఒడ్డున నిలిపితే చాలు, ఆ వెంట్రుక చిక్కుపడదు. వృద్ధ రైతుకు తెలిసిన పశుపోషణ అంతా ఆ గడ్డిచుట్టలోనే ఉన్నది. మల్లి సంగతి వేరు. రెంటచింతల ఎండలకు పేరుపడిన ఈ ప్రాంతంలో, ఒళ్లంతా చెమట పట్టే వీలులేక నాలుక చాచి వగర్చుతూ ఒళ్లు చల్లబరచుకొనే ప్రాణి అది. ఆ బొచ్చును మనిషి ముచ్చటపడి తెచ్చుకొన్నాడే గాని, అది కోరి ఇక్కడికి రాలేదు.

వెంట్రుక నునుపుగా కనిపించినా, దాని మీద ఇంటి పెంకుల వలె ఒకదానిపై ఒకటి ఒరిగిన సూక్ష్మమైన పొలుసులుంటాయి. ఊడిన లోబొచ్చు నేల రాలక పైరోమాలలో చిక్కుకొంటుంది. దానికి తడి, ఒరిపిడి తోడైతే వెంట్రుకలు పెనవేసుకొని ముద్ద కడతాయి. కాశ్మీరులో ఉన్నిని తడిపి, అదిమి, మగ్గం లేకుండానే నమ్దా తివాచీలు చేయడంలో ఉన్న కిటుకు ఇదే. హంగరీ దేశపు కొమొండోర్ అనే కాపలాకుక్కకైతే జడలు కట్టడమే అందం. అయితే ఆ జడలు ఒకదానితో ఒకటి అతుక్కొని పోకుండా యజమాని చేతితో విడదీస్తూ ఉండవలసిందే. ఏ దేశమైనా మనిషి చేతికి ఆ పని తప్పలేదు.

మనుమరాలు ఈ సంగతులన్నీ చదివి తెలుసుకొన్నది కాదు. తల్లి తనకు జడ వేసేటప్పుడు చిక్కు ఎట్లా తీసేదో, అదే పద్ధతిలో మల్లికీ తీసేది. ప్రతి సాయంకాలం అరుగుమీద దానిని పడుకోబెట్టి, ఒక చేత్తో బొచ్చును పైకెత్తి పట్టి, చర్మం కనిపించేటట్లు పాయ తీసి, పాయ తరువాత పాయ దువ్వేది. మొదట కొసలు, ఆపైన నడుమ, చివరకు కుదుళ్లు. ఉండ కట్టినచోట గుంజక, వేళ్లతో కొంచెం కొంచెంగా విడదీసేది. చెవుల వెనుక, చంకలు, తొడల సందులు, మెడపట్టీ కింద... చిక్కు ముందుగా పుట్టే తావులు ఇవే. పావుగంట పని.

పదవ తరగతి ముగిసింది. ఆమె జూన్‌లో గుంటూరులోని ఒక జూనియర్ కళాశాల వసతిగృహంలో చేరింది. మల్లికి పెరుగన్నం లోటు రాలేదు. నాయనమ్మ పిల్లకు పెట్టినట్లే పెట్టింది. తాతయ్య కూడా అప్పుడప్పుడు దువ్వెన తీసుకొని వీపుమీద నాలుగుసార్లు పైపైన లాగేవాడు. తెల్లని రోమాలు నిగనిగలాడేవి. చూసినవారు ‘ఎంత ముద్దుగా ఉంది!’ అనేవారు. పైన మల్లెపూవు, లోపల కంబళి. ఈ మోసం పొడవు బొచ్చుకే చెల్లింది.

వానలు పడినాయి. మల్లి రోజూ ఆయన వెంట చేనికి పోయేది. తడిసిన నల్లరేగడి కాళ్ల బొచ్చుకు పట్టి, ఆరి, బెడ్డకట్టేది. గట్లమీది ఉత్తరేణి వెన్నులు తగిలితే చాలు, గింజలు బొచ్చు నిండా అంటుకొనేవి. వినాయక చవితినాడు అపామార్గ పత్రమని భక్తితో పూజకు తెచ్చే మొక్క ఇదే. మరులమాతంగి కాయల కొక్కేలు మరీ మొండివి. 1941లో స్విట్జర్లాండ్ ఇంజనీరు జార్జ్ డి మెస్ట్రాల్ తన కుక్క బొచ్చుకు పట్టిన ఇటువంటి కాయలనే సూక్ష్మదర్శినిలో పరిశీలించి, తరువాతి కాలంలో వెల్క్రో పట్టీని రూపొందించాడు. చిలకలూరిపేట చేలలో మాత్రం ఆ కొక్కెం ఒక్కొక్కటీ ఒక్కొక్క చిక్కుకు నడిబొడ్డయింది. పండుగ వస్తున్నదని నాయనమ్మ రెండు బిందెల నీళ్లు పోసి సబ్బుతో రుద్ది స్నానం చేయించింది. ప్రేమతో చేసిన పనే. కాని చిక్కు తీయకుండా తడిపితే ముడి మరింత బిగుస్తుందనీ, కుదుళ్లలో తడి ఎంతసేపటికీ ఆరదనీ ఆమెకు చెప్పినవారు లేరు.

దసరాకు మనుమరాలు ఇంటికి వచ్చింది. మల్లి ఎగిరి మీద పడలేదు. తోక ఆడిస్తూ మెల్లగా, వెనుక కాలు ఈడుస్తూ వచ్చింది. ఆమె చెవి వెనుక చేయి పెట్టగానే, ఎన్నడూ లేనిది, గుర్రుమన్నది. మరుక్షణమే తప్పు చేసినదాని వలె ఆ చేతినే నాకింది. వేళ్లకు బొచ్చు తగలలేదు, అట్ట తగిలింది. దుర్వాసన వచ్చింది. తాతయ్య కత్తెర తెచ్చాడు.

“వద్దు తాతయ్యా! ముడిలోకి తోలు కూడా లాక్కుని ఉంది. ఎక్కడ బొచ్చో ఎక్కడ ఒళ్లో తెలియదు.”

ఆ పిల్ల చెప్పినది అక్షరాలా నిజం. ఇంట్లో కత్తెరతో ఉండలు కోయబోయి చర్మాన్ని కోసినవారు ఎందరో. ఆటోలో పశువైద్యశాలకు తీసుకొని పోయారు. వైద్యుడు మత్తు ఇచ్చి, యంత్రంతో నెమ్మదిగా గొరిగాడు. తొడ మీది బొచ్చు వెంట్రుకలుగా రాలలేదు. చెప్పు అట్ట వలె ఒక్క ముక్కగా ఊడివచ్చింది. దాని అడుగున చర్మం ఎర్రగా పుండై, చెమ్మగిల్లి ఉన్నది. ముడతలలో పిడుదులు. తోక మొదట ఒకచోట పురుగులు పడినాయి.

“ఇది నిన్న మొన్న వచ్చింది కాదు, పెద్దాయనా! అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా దీనికి తోలు గుంజుతూనే ఉండి ఉంటుంది” అన్నాడు వైద్యుడు.

“అట్లయితే ఒళ్లంతా గొరిగేయండి బాబూ, పీడా పోతుంది.”

వైద్యుడు ఒప్పుకోలేదు. పుండున్న చోట్ల తప్పదు గాని, మిగిలిన బొచ్చు ఎండపొడ నేరుగా చర్మాన్ని తాకకుండా కాపాడుతుందనీ, ఈ జాతికి మొదలంటా గొరిగితే మళ్లీ సరిగా మొలవకపోవచ్చుననీ చెప్పాడు. వృద్ధుడు బల్లమీది ఆ అట్టముక్కను చేతిలోకి తీసుకొని చాలాసేపు చూశాడు. సరమ గుర్తుకు వచ్చింది అప్పుడే. సారమేయుడు దెబ్బ తిన్నాడు గనుక ఏడుస్తూ తల్లి దగ్గరకు పోగలిగాడు. మల్లిని కొట్టినవారెవరూ లేరు. అది ఎవరిమీద ఫిర్యాదు చేస్తుంది? 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, జంతువు ఎవరి సంరక్షణలో ఉంటే వారే దాని క్షేమానికి తగిన చర్యలన్నీ తీసుకోవాలని చెబుతున్నది. ఆయనకు ఆ చట్టం తెలియదు. తెలియవలసిన అవసరమూ లేకపోయింది.

సెలవులు ముగిసేలోగా మనుమరాలు తాతకు గురువైంది. పాయ తీయడం ఆయనకు సులువుగానే పట్టుబడింది. మిరపనారు పీకిన వేళ్లకు ఓపిక నేర్పనక్కరలేదు. నారును వేరు తెగకుండా తీసినట్లే ఉండను విడదీసేవాడు. చేనిలో మందు కొట్టిన రోజున మల్లిని ఇంటివద్దనే ఉంచేవాడు. బొచ్చుకు అంటిన మందును అది నాకితే ప్రమాదం. మిరపకాయలు కల్లానికి వచ్చిన తరువాత మరొక జాగ్రత్త అవసరమైంది. కారానికి మూలమైన క్యాప్సైసిన్ ఉత్త నీళ్లకు సరిగా వదలదు. కనుక దుమ్ము పట్టిన బొచ్చును ముందు దువ్వి, విదిలించి, ఆ పైననే కుక్కల షాంపూతో కడిగి, కుదుళ్ల దాకా ఆరబెట్టేవాడు.

తీసిన ఉత్తరేణి గింజలను ఆయన ఒక డబ్బామూతలో వేసేవాడు. రాత్రి ఎనిమిది గంటలకు వసతిగృహం నుండి ఫోను వచ్చేది.

“ఈ రోజు ఎన్ని, తాతయ్యా?”

“పదిహేడు.”

“చంకల్లో చూశావా?”

“చూశానమ్మా. ఎడమవైపు చిన్న ఉండ ఉంది. పడుకోనీ పాపం, రేపు తీస్తాలే.”

“రేపు కాదు తాతయ్యా.”

ఆయన ఫోను అరుగుమీద పెట్టి, దీపం దగ్గరకు జరుపుకొన్నాడు. మల్లి కళ్లు తెరవకుండానే ఎడమకాలు కొంచెం పైకెత్తింది.