గుమ్మముకడ ప్రశ్న

పల్లె విడిచి నగరమునకు వచ్చినవాడు ఇరుగుపొరుగుల యాదరమును పోగొట్టుకొని, ఎవరును తన్నెఱుగని స్వేచ్ఛను సంపాదించునని చెప్పుదురు. మహానగరముల విషయమున నీమాట కొంత నిజము కావచ్చును. నేను నివసించు నరసరావుపేటవంటి నడితరపు నగరమున నిది చెల్లదు.

నేను బెల్లంకొండవాడను. కొండమీది పాతకోటను చూచుచు పెరిగినవాడను. ఉద్యోగము నన్ను సత్తెనపల్లి దాటించి యిచ్చటికి చేర్చినది. ఒకప్పుడు అట్లూరను పల్లెయై, పిదప మల్రాజు వంశపు జమీందారు పేర పేటయై, 1915లో పురపాలకసంఘమును బడసి, 2022లో పల్నాడు జిల్లాకు ముఖ్యస్థానమైన యూరిది. జనగణనమున లక్షజనము గల యూరు మొదటితరగతి పట్టణము. 2011 నాటికే నరసరావుపేట లక్ష దాటినది.

ఇచ్చటి సుఖములను నేను కాదనను. డబ్బు మఱచి సంతకు పోయినను కూరలమ్ము ముసలమ్మ "రేపిద్దురు లెండి మాస్టారూ" అని సంచి నింపును. మందుల దుకాణమువాడు మా తల్లిగారి రక్తపుపోటు మాత్రలను నేను పేరు చెప్పకమున్నే తీసి యిచ్చును. శివరాత్రికి కోటప్పకొండకు ప్రభలు కదలునపుడు వీథిలో నిలిచినచో, నావద్ద చదివినవారు నలుగురైనను పలుకరింతురు. హైదరాబాదులో నొకయేడు కాపురముండి యెదుటివాకిటివాని పేరెఱుగని నాకు ఈ యెఱుకయే పెద్ద యూరట.

అయితే ఈ యెఱుకకు మఱియొక ముఖము కలదు. ఏడేండ్లక్రిందట ఇల్లు వెదకుచు "అద్దెకు ఇవ్వబడును" అను పలక చూచి యొక గుమ్మమెక్కితిని. యజమాని నా జీతమడుగలేదు, కుటుంబమున నెందఱని యడుగలేదు. "మీరేమిట్లండీ?" అనినాడు. పల్లెలో నీప్రశ్న యుండదు. ఎవరేమిట్లో వాడయే చెప్పును. నగరమున వాడలు కలిసిపోయినవి గనుక ప్రశ్న గుమ్మముకడకు వచ్చినది. నేను చెప్పితిని. అద్దెలో ఐదువందలు తగ్గినది, తాళపుచెవి చేతికి వచ్చినది. అది నా మంచితనమునకు దక్కిన మర్యాదయని యారాత్రి నేను సంతోషించితిని.

రెండేండ్లకు మేడమీది భాగము ఖాళీయైనది. మా పాఠశాలలో గణితము చెప్పు మిత్రుడొకడు ఇల్లు వెదకుచుండగా నేనే రమ్మంటిని. నాకంటె మంచి యుపాధ్యాయుడు. ఆదివారమునాడు భార్యతో వచ్చెను. అదే ప్రశ్న. దాచక తన కులము చెప్పెను. అది మాలమాదిగల కులములలో నొకటి. యజమాని ముఖమున చిఱునవ్వు చెదరలేదు. "మా అమ్మాయివాళ్లు వచ్చేటట్టున్నారు మాస్టారూ, ఇప్పుడివ్వట్లేదు" అనెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము అస్పృశ్యతను నిషేధించినది. కూతురు వచ్చుననుటను ఏ చట్టము నిషేధింపగలదు? పలక మఱునాడును గోడమీదనే యున్నది.

నేనక్కడనే నిలిచియుంటిని. ఏమియు ననలేదు. "కాఫీ తాగి వెళ్దురుగాని" అని మిత్రునితో నంటిని. "మఱొకసారి వస్తాను లెండి" అని యాయన మెట్లు దిగెను. మఱల రాలేదు. ఆ వీథిలో యజమానులందఱు పరస్పర మెఱిగినవారు. ఒక గుమ్మమున లేదన్న మాట సాయంకాలమునకు పదిగుమ్మములు తిరుగును. చివరకాయన ఊరిచివర ఇల్లు తీసికొని, దినము రెండుమార్లు ఎనిమిదిమైళ్లు తిరుగుచున్నాడు.

నాకు కూరలు అప్పిప్పించిన యెఱుకయే ఆయనకు ఇల్లు లేకుండ జేసినది. ఈ రెండును వేర్వేఱని యంతవఱకు నేననుకొంటిని.

మన పల్నాటివారము బ్రహ్మనాయుని చాపకూడును తలచి గర్వింతుము. ఏటేట కారెంపూడి వీరుల యుత్సవములలో నన్నికులములవారును ఒకచాపమీద భుజింతురు. నేనును ఆ కథను పిల్లలకు గర్వముతో చెప్పినవాడనే. చాప పఱచుట యొకపూట పని, భోజనమైనపిదప చుట్టిపెట్టవచ్చును. గుమ్మము దినదినము తెఱువవలసినది. మనము చాపవఱకు వచ్చి గుమ్మముకడ నాగితిమి.

ఈ దోషమును యజమానిమీద త్రోసి నేను తప్పించుకొనజాలను. ఆతని ప్రశ్నకు తొలినాడు ఉత్తరమిచ్చి, ఐదువందలు లాభము పొందినవాడను నేను. నావంటివారు ఉత్తరమిచ్చుచున్నంతకాలము ఆ ప్రశ్న మర్యాదగల ప్రశ్నగనే చెల్లును.

మొన్న మఱియొక గృహస్థు, మా పాఠశాలకు క్రొత్తగా వచ్చిన యుపాధ్యాయుని గూర్చి నన్ను విచారించెను: "ఆయన ఏమిట్లండీ?" "తెలియదండీ. తెలిసినా చెప్పను. అద్దె మాత్రం వేళకిస్తారు" అంటిని. ఆయన నావంక విచిత్రముగ జూచి, వేఱొకరిని అడుగబోయెను. అడుగబడినవాడు చెప్పియే యుండును. ఆ సాయంకాలము గణితము మిత్రుని యింటికి పోయితిని. ఐదేండ్లకు మొదటిసారి. ఆయన కాఫీ యిప్పించెను.