ఎవరు వెతికారు?

పోయిన సంక్రాంతికి విజయనగరంలో మా ఇంట్లో అందరం కూచుని ‘ఇండియన్ ప్రిడేటర్: మర్డర్ ఇన్ ఎ కోర్ట్‌రూమ్’ చూశాం. 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన మూడు భాగాల డాక్యుమెంటరీ అది. నాగపూర్‌లోని కస్తూర్బా నగర్ బస్తీని ఏళ్ల తరబడి హత్యలతో, అత్యాచారాలతో వణికించిన అక్కు యాదవ్‌ని 2004 ఆగస్టు 13న కోర్టు గదిలోనే చంపేశారు. బస్తీ ఆడవాళ్లే ఆ పని చేశారన్నది లోకానికి తెలిసిన కథ.

చూసిన తర్వాత చర్చ మొదలైంది. “వాడి చిన్నతనం సరిగ్గా చూపించలేదు. అంత క్రూరుడు ఎలా అయ్యాడో తెలియాలి కదా” అన్నాడు మా తమ్ముడు. “ఎంతైనా చట్టాన్ని చేతుల్లోకి తీసుకోవడం తప్పు కదా వదినా” అన్నాడు మా చెల్లెలి భర్త. వీళ్లే అంతకుముందు కేరళలోని కూడత్తాయి కేసు మీద 2023లో వచ్చిన ‘కర్రీ అండ్ సైనైడ్’ చూసి “ఆడదై ఉండి ఇన్ని హత్యలా!” అని ఆశ్చర్యపోయారు. నిందితుడు మగవాడైతే వాడి మనస్తత్వం గురించి ఆలోచిస్తాం. ఆడదైతే ఆమె ఆడతనం గురించి. ఎటు తిరిగినా చూపంతా చంపినవాళ్ల మీదే.

మా పెద్దమ్మది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. హిందీ రాదు. నేను పక్కన కూచుని చెబుతుంటే విన్నది. అందరి మాటలూ అయ్యాక అంది:

“ఆడి సిన్నప్పటి కత నాకెందుకే? ఆ ఆడోల్లు టేసన్‌కెల్లి మొత్తుకుంటే ఎవులూ ఇనలేదేటి?”

సాహిత్యంలో డాక్టరేట్ చేసి, కథ ఎవరి వైపు నుంచి చెబుతున్నారో చూడాలని పిల్లలకు పాఠాలు చెప్పే నాకు ఆ ప్రశ్న తట్టలేదు.

ఆ రాత్రి నాకు హాజీపూర్ గుర్తొచ్చింది. యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం మండలంలోని ఆ ఊళ్లో 2019 ఏప్రిల్‌లో, బడి నుంచి ఇంటికి బయల్దేరిన ఒక అమ్మాయి శవం పాడుబడ్డ బావిలో దొరికింది. ఆ తర్వాతే మరో ఇద్దరు ఆడపిల్లల అవశేషాలు బయటపడ్డాయి. వాళ్లలో ఒకరు 2015 నుంచీ కనబడడం లేదు. నేరస్తుడికి 2020 ఫిబ్రవరిలో నల్లగొండ కోర్టు ఉరిశిక్ష వేసింది. ఊరికి సరైన బస్సు లేక, దారిన పోయే బండి ఎక్కక తప్పని పిల్లలు వాళ్లు. ఒక అమ్మాయి విషయంలోనైతే, ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుందనుకుని ఇంట్లోవాళ్లు ఫిర్యాదే చేయలేదని అప్పటి పత్రికలు రాశాయి. హంతకుడి మనస్తత్వాన్ని ఎంత తవ్వినా ఆ రాని బస్సూ, ఆ ఇవ్వని ఫిర్యాదూ అందులో దొరకవు. “లేచిపోయింది” అనే ఒక్క మాట చాలు, వెతుకులాట ఆగిపోవడానికి.

ఆ మాట నేనూ అన్నాను. డిగ్రీ రెండో సంవత్సరంలో గజపతినగరం వైపు నుంచి బస్సులో వచ్చే అమ్మాయి నా పక్కనే కూచునేది. దసరా సెలవుల తర్వాత రాలేదు. ఆమె నోట్సు ఒకటి చాలాకాలం నా దగ్గరే ఉండిపోయింది. “లేచిపోయిందట” అని నవ్వుతూ చెప్పుకున్నాం. గంట ప్రయాణం కూడా లేని ఆ ఊరికి ఒక్కసారీ వెళ్లలేదు.

పెద్దమ్మకి ఈ సంగతి చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత “ఆ పిల్ల ఎవులితో ఎల్లినాదో పేరు తెలుసేటి?” అని అడిగింది.

తెలియదు.

పండగ వెళ్లాక పాత స్నేహితురాళ్లు ముగ్గురికి ఫోన్ చేశాను. ముగ్గురికీ ఆమె గుర్తుంది. “ఎవరితోనో వెళ్లిపోయింది కదా” అని ముగ్గురూ అన్నారు. ఎవరితో అంటే ఎవరికీ తెలియదు. నీకెవరు చెప్పారని మూడో ఆమెను అడిగాను.

“అదేమిటే, నువ్వే కదా చెప్పావు” అంది.