గోపీచంద్ సారు, మన ఏకలవ్యులు

పుల్లెల గోపీచంద్ 2006లో భారత బ్యాడ్మింటన్ జట్టుకు ప్రధాన కోచ్ అయ్యారు. అప్పటికి ఈ ఆటలో మన దేశానికి ఒలింపిక్ పతకం ఒక్కటి కూడా లేదు. ఇప్పుడు మూడు ఉన్నాయి. దాదాపు ఇరవై ఏండ్లు ఒకే పనిని పట్టుకుని ఉన్న మనిషి ఆయన. అభిమానిగా ఈ లెక్క చెప్పి చప్పట్లు కొట్టి ఊరుకోవచ్చు. కానీ నేను తండాలో పుట్టి, తండా పిల్లలకే పాఠాలు చెప్తున్నవాణ్ణి. ఆయన పనిలో మన పిల్లలకు పనికొచ్చేది ఎంత, మన పిల్లలకు అందనిది ఎంత అన్నది కూడా చూడాలి. ఈ రెండో ప్రశ్నను 2025లో ఆయనే లేవనెత్తారు. ఆ మాట దగ్గరికి తర్వాత వస్తాను.

ఖిల్లా ఘణపూర్ గుట్టల చుట్టూ ఉన్న తండాల్లో మా చిన్నప్పటి ఆటలు కబడ్డీ, కోకో, గోటీలు. షటిల్ అంటే ఊళ్లో ఉద్యోగస్తులు సాయంత్రం పూట ఆడుకునే ఆట. 2001 మార్చి 11న గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించారు. 1980లో ప్రకాశ్ పదుకొణె గెలిచాక మళ్లీ ఆ కప్పు మన దేశానికి రావడం అదే. పేపర్లో ఆయన ఫోటో చూసి మేం కూడా రెండు కంకబొంగులు పాతి, వాటికి పాత చీర కట్టి ఆడినం. గుట్ట మీది నుంచి వచ్చే గాలికి షటిల్ ఒక్క చోట నిలిచేది కాదు. నాలుగు దెబ్బలకే దాని రెక్కలు ఊడిపోయేవి. అయినా ఆ ఎండాకాలం అంతా ఆడినం. అప్పటి నుంచి నేను ఆయన అభిమానిని.

ఆయన పుట్టింది ప్రకాశం జిల్లా నాగండ్లలో. ఆట నేర్చింది హైదరాబాద్‌లో, ఎస్.ఎం. ఆరిఫ్ లాంటి గురువుల దగ్గర. మోకాలికి గాయమై ఆపరేషన్లు అయ్యాక కూడా మళ్లీ కోర్టులోకి వచ్చి ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. గెలిచాక ఒక కూల్‌డ్రింక్ కంపెనీ ప్రకటనకు పిలిస్తే, తాను తాగని దాన్ని పిల్లలకు తాగమని చెప్పలేనని వద్దన్నారు. ఇవన్నీ ఆటగాడిగా ఆయన గొప్పతనం. నేను ఎక్కువ లెక్కించేది ఆ తర్వాతి కాలాన్ని.

2003లో ప్రభుత్వం గచ్చిబౌలిలో ఐదెకరాల స్థలం అకాడమీకి కేటాయించింది. కట్టడానికి డబ్బు చాలక ఆయన సొంత ఇల్లు తాకట్టు పెట్టారు. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ ఐదు కోట్లు ఇచ్చారు. 2008లో అకాడమీ మొదలైంది. ఆ రోజుల్లో గచ్చిబౌలి అంటే మా పాలమూరోళ్లకు ఇంకో అర్థం ఉండేది. అక్కడ లేస్తున్న అద్దాల మేడలకు ఇటుకలు మోసింది, సిమెంటు కలిపింది చాలా వరకు మా జిల్లా కూలీలే. మా బాపు, మా కాకా కూడా అక్కడ రెండు ఎండాకాలాలు పనిచేసి వచ్చారు. ఒకే ఊరికి మా ఇంటివాళ్లు తట్ట పట్టుకుని పోయారు, ఇంకెవరి పిల్లలో రాకెట్ పట్టుకుని పోయారు. దీనికి గోపీచంద్‌ను తప్పు పట్టేదేమీ లేదు. కానీ ఈ తేడాను పక్కన పెట్టి ఆయన కాలాన్ని బేరీజు వేయలేం.

ఆయన కోచింగ్ గురించి అందరికీ తెలిసిన సంగతి, పొద్దున నాలుగున్నరకే శిక్షణ మొదలవుతుంది. పిల్లల కంటే ముందు ఆయన కోర్టులో ఉంటారు. నెట్టుకు అవతల నిలబడి వరసగా షటిళ్లు వేస్తుంటే ఇవతల పిల్లలు పరిగెత్తి పరిగెత్తి కొడుతుండాలి. ఒకే దెబ్బ వందల సార్లు. రియో ఒలింపిక్స్‌కు ముందు సింధు ఫోన్ మూడు నెలల పాటు తన దగ్గరే పెట్టుకున్నారు. ఐస్‌క్రీం తిననివ్వలేదు. పతకం వచ్చాక ఫోనూ ఇచ్చారు, ఐస్‌క్రీమూ తినమన్నారు. పేపర్లు దాన్ని సరదా వార్తగా రాశాయి. నాకు అందులో కనిపించింది వేరు. పిల్ల మీద పెట్టిన కట్టుబాటును ముందు తన మీద పెట్టుకున్న గురువు కాబట్టే ఆ మాట చెల్లింది. తెల్లారుజామున లేవని సారు పిల్లల్ని లెమ్మంటే వాళ్లు లేవరు. బడి నడిపే మనకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఫలితాలు చూద్దాం. 2012 లండన్‌లో సైనా నెహ్వాల్‌కు కాంస్యం. 2016 రియోలో పి.వి. సింధుకు రజతం. 2017లో కిదాంబి శ్రీకాంత్ ఒక్క ఏడాదిలో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచాడు. 2019లో బాసెల్‌లో సింధు ప్రపంచ చాంపియన్ అయింది. ఫైనల్ స్కోరు 21-7, 21-7. అదే పోటీల్లో సాయి ప్రణీత్‌కు కాంస్యం. 2022 మే 15న మన మగపిల్లల జట్టు ఇండోనేషియాను 3-0తో ఓడించి మొదటిసారి థామస్ కప్ తెచ్చింది. ఒకప్పుడు మన దేశంలో బ్యాడ్మింటన్ అంటే ఒక ప్రకాశ్, ఒక గోపీచంద్. ఎప్పుడో ఒకరు మెరిసేవారు. ఆయన హయాంలో ఒకరి వెనక ఒకరు రావడం మొదలైంది. పతకాల కంటే ఇదే పెద్ద పని. చెట్టు ఒక ఏడు కాస్తే అది వాన పుణ్యం అనుకోవచ్చు. ఏటేటా కాస్తే ఎవరో నీళ్లు పోస్తున్నారని అర్థం.

అభిమానిని కదా అని లోపాలను దాచను. జాతీయ కోచ్ ఆయనే, సొంత అకాడమీ నడిపేది ఆయనే. ఈ రెండూ ఒకే చేతిలో ఉండటం సరికాదన్న మాట చాలాసార్లు వచ్చింది. డబుల్స్‌ను పట్టించుకోలేదని గుత్తా జ్వాల బహిరంగంగానే విమర్శించింది. ఆ మాటలో బలం ఉంది. చాలా ఏళ్లు చూపంతా సింగిల్స్ మీదే ఉండింది. మలేసియా కోచ్ టాన్ కిమ్ హెర్ వచ్చాకనే అమలాపురం పిల్లవాడు సాత్విక్, ముంబై పిల్లవాడు చిరాగ్ జోడీ కుదిరింది. ఆ జోడీ 2023లో ప్రపంచ నంబర్ వన్ అయింది. 2014లో సైనా ఆయన్ని విడిచి బెంగళూరు వెళ్లి విమల్ కుమార్ దగ్గర చేరింది. మరుసటి ఏడాది అక్కడి నుంచే ప్రపంచ నంబర్ వన్ అయింది. 2017లో తిరిగి వచ్చింది. టోక్యోకు ముందు సింధు కూడా కొరియా కోచ్ పార్క్ టే-సాంగ్ దగ్గర తయారై కాంస్యం తెచ్చింది. 2024 పారిస్‌లో బ్యాడ్మింటన్‌లో మనకు ఏ పతకమూ రాలేదు.

సైనా వెళ్లిపోయినప్పుడు ఎంత బాధపడ్డారో ఆయన తర్వాత చెప్పుకున్నారు. ఆ బాధ నిజమే. కానీ పెంచిన పిల్ల ఇంకో గురువు దగ్గర ఎదిగితే గురువు ఓడినట్టు కాదు. తిరిగి వచ్చిన రోజు తలుపు తీసే ఉంచారు. అందుకు నేను ఆయనకు ఎక్కువ మార్కులు వేస్తాను.

ఇక అసలు సంగతి. ఆ కోర్టు దాకా చేరిన పిల్లలు ఎవరు? సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆటగాళ్లు, రైల్వే ఉద్యోగులు. తండ్రి రమణ అర్జున అవార్డు గ్రహీత. సైనా తండ్రి వ్యవసాయ శాస్త్రవేత్త. చిన్నప్పుడు తెల్లారకముందే కూతుర్ని స్కూటర్ మీద రాజేంద్రనగర్ నుంచి ఎల్బీ స్టేడియానికి తీసుకుపోయేవారు. వీళ్లు కోటీశ్వరులేం కాదు. కానీ నెల తిరిగితే జీతం ఉంది, స్కూటర్ ఉంది, ఆట విలువ తెలిసిన తల్లిదండ్రులున్నారు. ఈ మూడూ లేని పిల్లకు ప్రతిభ ఒక్కటే ఉంటే ఏమవుతుంది?

బ్యాడ్మింటన్ కోర్టు పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులు. మన కల్లం అంత జాగా చాలు. ఖర్చు జాగాది కాదు. గాలి తగలకుండా పైన కప్పు, చుట్టూ గోడలు కావాలి. ఈకల షటిల్‌కు 16 ఈకలుంటాయి. మంచిది ఒక్కటి వంద రూపాయలకు తక్కువ రాదు. గట్టిగా ఆడితే ఒక్క పూటలో ఎన్నో పోతాయి. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. అంటే మన తల్లి ఒక రోజంతా మట్టి తవ్వితే వచ్చేది మూడు షటిళ్లు.

2025 ఫిబ్రవరిలో గోపీచంద్ ఒక ఇంటర్వ్యూలో తల్లిదండ్రులకు ఒక సలహా ఇచ్చారు. ఇంట్లో డబ్బో, కుటుంబ వ్యాపారమో ఉంటే తప్ప పిల్లల్ని ఆటల్లో పెట్టవద్దన్నారు. ఆటను బతుకుదెరువుగా నమ్ముకున్నవాళ్లలో నూటికి ఒక్కరు కూడా నిలబడటం లేదన్నారు. మా బడిలో చదివే ఒక పిల్ల తండ్రి ఈ వార్త విని నన్నడిగాడు. "సారూ, అంత పెద్ద సారే వద్దంటున్నడు. మరి మా పిల్లను పరుగు పందాలకు ఎందుకు తోల్క పోతున్నవ్?"

చాలామంది ఆ మాటకు గోపీచంద్‌ను తిట్టారు. నేను తిట్టను. ఇరవై ఏండ్లు లోపల ఉండి చూసిన మనిషి చెప్పిన నిజం అది. పతకం తెచ్చిన పిల్ల ఫోటో అందరం చూస్తాం. గాయమై ఇంటికి చేరి, చదువూ లేక, కొలువూ లేక కూర్చున్న పిల్ల ఫోటో ఏ పేపర్లోనూ రాదు. అలాంటి పిల్లల్ని ఆయన వందల్లో చూసి ఉంటారు. కానీ ఆ మాటలో ఒక సగమే ఉంది. డబ్బు లేనివాళ్లు ఆడొద్దు అనేది తల్లిదండ్రులకు చెప్పే జాగ్రత్త. డబ్బు లేని పిల్లకు ఆట ఖర్చు ఎవరు పెట్టాలి అనేది ప్రభుత్వాన్ని అడగాల్సిన ప్రశ్న. ఆయన అకాడమీ నిలబడిన ఐదెకరాలు కూడా ప్రభుత్వం ఇచ్చినవే కదా. ఆయనంతటి మనిషికి కూడా ప్రజల ఆస్తి ఆసరా అయింది. మన పిల్లకు ఆ ఆసరా ఎందుకు ఉండకూడదు?

ఉంటే ఏమవుతుందో మనం చూశాం. మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన లంబాడా పిల్ల. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. తాడ్వాయి గురుకులంలో చదువుతుండగా ఎంపికైంది. భువనగిరి గుట్ట మీద కోచ్ శేఖర్ బాబు దగ్గర బండలెక్కడం నేర్చింది. తర్వాత డార్జిలింగ్, లడఖ్‌లలో శిక్షణ. 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆ శిఖరం ఎక్కిన ఆడపిల్లల్లో ఆమే అతి చిన్నది. అదే రోజు చర్ల పిల్లవాడు ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. ఎవరెస్ట్ ఎక్కడం లక్షల ఖర్చుతో కూడిన పని. ఆ ఖర్చు ఇంటి మీద పడలేదు. గురుకులం పెట్టింది. భువనగిరి గుట్ట లాంటి బండ మన ఘణపూర్ ఖిల్లా కింద కూడా ఉంది. మనకు కొదవ గుట్ట కాదు, పిల్లలూ కాదు.

గోపీచంద్‌కు 2009లో ద్రోణాచార్య అవార్డు వచ్చింది. కోచ్‌లకిచ్చే పెద్ద గౌరవం అది. ఆ పేరు వింటే మన గుండెలో బొటనవేలు గుర్తుకు వస్తుంది. మరోపక్క గిరిజన పిల్లల గురుకులాలకు ఏకలవ్య అని పేరు పెట్టారు. అవార్డు ద్రోణుడిది, బడి ఏకలవ్యుడిది. ఆ అవార్డు తీసుకున్న స్థాయి కోచ్‌లు ఈ బడుల్లో ఏళ్ల తరబడి ఉండి నేర్పిన రోజున ఆ రెండు పేర్ల మధ్య పాత బాకీ కొంత తీరుతుంది. బొమ్మ ముందు నిలబడి నేర్చుకోవాల్సిన గతి ఇంక ఏ పిల్లకూ ఉండకూడదు.

అందుకే గోపీచంద్ కాలం నుంచి మనం తీసుకోవాల్సింది రాకెట్ కాదు, ఆయన నిలకడ. ఒక కోచ్ ఒక చోట ఇరవై ఏండ్లు ఉంటే పదేళ్ల పిల్ల ముప్పై ఏళ్ల చాంపియన్ అయ్యేదాకా చూస్తాడు. మన బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయుడు వచ్చిన రెండేళ్లకే బదిలీ మీద పోతాడు. కొత్త సారు వచ్చేదాకా బంతులు బీరువాలో ఉంటాయి. ఎక్కడైనా ఒక పీఈటీ సారు ఐదేళ్లు ఉంటే ఆ మండలంలో ఒక కబడ్డీ జట్టు తయారవుతుంది. ఇది మనందరం కళ్లారా చూసిందే.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి. పిల్లలో ఆట కనబడితే నాలుగో తరగతిలోనే హకీంపేట క్రీడా పాఠశాల ఎంపికలకు తీసుకుపోండి. అక్కడ తిండీ, చదువూ, శిక్షణా ప్రభుత్వానివే. అటు ఏజెన్సీలో కిన్నెరసాని గిరిజన క్రీడా పాఠశాల ఉంది. ఎంపికల తేదీ తండాకు చేరేలోపే గడువు దాటిపోతుంటుంది. ఆ వార్త మోసుకుపోవడం మన పని. తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పేది ఒకటే. ఆట కోసం పుస్తకం వదలకండి. మోకాలు మోసం చేసిన రోజున పుస్తకమే నిలబెడుతుంది.

ఆ తండ్రికి నేను చెప్పిన జవాబు చిన్నది. "అన్నా, పెద్ద సారు చెప్పింది డబ్బు లేకుంటే కష్టమని. ఆ డబ్బు నువ్వు పెట్టకు, సర్కారును పెట్టమని అడుగుదాం. పొద్దున పిల్లను లేపే పని మాత్రం నీది, పరిగెత్తించే పని నాది." ఆ పిల్ల ఇప్పుడు ఎనిమిదో తరగతి. రోజూ వస్తోంది.