మెరీనా తీరమున మా పరుగు

యాత్రకు ముహూర్తమున్నది, నడకకు మర్యాదయున్నది. పరుగునకు మాత్రము మన పెద్దలు ఏ గౌరవమును కల్పింపలేదు. దొంగ పరుగెత్తవలయును, వానిని పట్టువాడు పరుగెత్తవలయును, వాన చినుకు పడినంతనే వడియాలు ఆరబెట్టిన ఇల్లాలు పరుగెత్తవలయును. ఏ తొందరయు లేని పెద్దమనిషి, అందునను పింఛను పుచ్చుకొనువాడు, పరుగెత్తినచో లోకము చూచి ఊరకుండునా? చెన్నపట్టణపు మెరీనా తీరమున ప్రతి ఉదయము మెల్లగా పరుగెత్తు మాకు ఈ సమాధానము దినదినము లభించుచున్నది.

1880 దశకమున గవర్నరు గ్రాంట్ డఫ్ ఇచట విహారమార్గము వేయించి, దానికి మెరీనా అని పేరిడెను. ఉత్తరమున 1959లో నెలకొల్పిన శ్రామికుల విగ్రహము మొదలు దక్షిణమున దీపస్తంభము వరకు దారి సుమారు 3 కిలోమీటర్లు. విహారమునకై వేసిన దారి గనుక విహరించువారికి కొదువ లేదు. నలుగురు మిత్రులు ఒకే వరుసలో చేతులూపుకొనుచు నడతురు. వెనుకనుండి మేము తమిళమున దారి వేడినచో నలుగురును ఒక్క ప్రక్కకే, అదియు మేము పోదలచిన ప్రక్కకే, జరుగుదురు. ఒకరి సెల్‌ఫోనులో సుప్రభాతము, మరియొకరి దానిలో సినిమా పాట. రెండింటి నడుమ మా ఊపిరి తాళము తప్పును. కాలిబాటపై ఎదురుగా వచ్చు స్కూటరువాడు మేమే దారి తప్పితిమన్నట్లు హారను మ్రోగించును. గరిక రసమమ్మువాడు మా ఆయాసమును చూచి జాలిపడి గ్లాసు చాపును. తోటి పింఛనుదారుడొకరు మమ్ము నడిదారిలో నిలిపి, "లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చేశారా?" అని అడుగును. ప్రతి ఉదయమును ఇచ్చుచునే యున్నామని చెప్పి సాగిపోదుము.

ఇవి యన్నియు సహింపదగినవే. కుక్కల సంగతి వేరు. నడచువానిని చూచి తోక యాడించు కుక్క, పరుగెత్తువానిని చూచినంతనే ఏదో పాత పగ జ్ఞప్తికి వచ్చినట్లు వెంటబడును. ఒకనాడు ప్రెసిడెన్సీ కళాశాల కెదురుగా మూడు కుక్కలు మమ్ము చుట్టుముట్టినవి. దారి నూడ్చుచున్న ఒక స్త్రీ చీపురెత్తి వచ్చి, "పోండే! పెద్దాయన మీద పడతారా?" అని గదిమెను. కుక్కలు తొలగినవి. మేము మాత్రము కదలక నిలిచితిమి. ఆమె గదిమినది తెలుగున!

"అమ్మా, మీది తెలుగా?" అని అడిగితిమి. "ఇంట్లో అంతా తెలుగే సార్, మా అవ్వ కాలం నుంచి. పిల్లకాయలకి చదివేదానికి, రాసేదానికి మాత్రం రాదు" అని చెప్పి, ఆమె మరల పనిలో మునిగెను.

ఈ నగరపు వీధుల నూడ్చు పారిశుద్ధ్య కార్మికులలో తెలుగు కుటుంబములవారు పెక్కుమంది. ఆంగ్లేయుల కాలముననే వీరి పెద్దలు తెలుగు జిల్లాలనుండి ఈ పనికై వచ్చిరి. ఆమె ఊడ్చుచున్న చోటి కెదుటనున్నది బాలవ్యాకరణ కర్త పరవస్తు చిన్నయసూరి తెలుగు పండితుడుగా నుండిన కళాశాల. నేటి భవనము 1870లో పూర్తియగునాటికి ఆయన కీర్తిశేషుడు. ఆ వ్యాకరణమును పేరుగూడ వినని ఈమె నోట, మూడు తరములుగా పలకా బలపము లేకయే, తెలుగు చెక్కుచెదరక నిలిచియున్నది. బడికి పోయిన మన పిల్లలలో ఎందరి నోట నిలిచినది?

2006 నాటి తమిళ అభ్యసన చట్టముచే ఒకటవ తరగతినుండి ఏటేట ఒక్కొక్క తరగతికి తమిళము తప్పనిసరియై, 2015-16 నాటికి పదవ తరగతిని చేరినది. అల్పసంఖ్యాక భాషలవారు మినహాయింపునకై న్యాయస్థానముల నాశ్రయించిరి. ఉన్న ఊరి భాషను నేర్చుట మనకు మేలే. అందులో వివాదము లేదు. మాతృభాషను ఐచ్ఛికముగా చదువవచ్చును గాని, చెప్పు ఉపాధ్యాయుడున్నచోటనే గదా ఆ ఇచ్ఛ నెరవేరును! వకీలును పెట్టుకొనగలవారు మినహాయింపు నడుగుదురు. చీపురు పట్టినవారి పిల్లల పక్షమున అడుగువారెవరు?

మన సంఘములు ఉగాదికి పంచాంగ శ్రవణమును, కవిసమ్మేళనమును జరుపుచున్నవి. జరుపవలసినదే. దానితోపాటు ఆదివారము నాడొక గంట, ఈ కుటుంబములు నివసించు పేటలకే పోయి, పిల్లలకు ఓనమాలు దిద్దించు ఏర్పాటు చేయవలయును. దీనికి మేడలు వలదు, విరాళముల పట్టికలు వలదు. ఒక నల్లబల్లయు, విశ్రాంతి తీసికొను నలుగురు పెద్దలును చాలును. తెల్లవారకముందే మనకు దారిని శుభ్రపరచి యిచ్చువారికి ఏబదియారు అక్షరములు ఇచ్చుట మనకు భారము కానేరదు.