ఆబీ రోడ్డులోని తెల్లని యిల్లు

లండను నగరము చూడబోయినవారు రాజభవనములను, మ్యూజియములను చూచి వత్తురు. మేమును చూచితిమి. కాని మా మనస్సున నిలిచినది వేరొకటి. అది సెయింట్ జాన్స్ వుడ్ పేటలో ఆబీ రోడ్డునందలి 3వ నంబరు యిల్లు.

భూగర్భ రైలు దిగి కొంచెము దూరము నడువగానే అది కనబడెను. వెలుపలినుండి చూచినచో ఎవరో గృహస్థుని తెల్లని భవనమే యనిపించును. 1931వ సంవత్సరమున దీనిని పాటలు రికార్డుచేయు స్టూడియోగా తెరచిరి. మావంటి బాటసారులకు లోనికి ప్రవేశము లేదు. ముందరి గోడపై దేశదేశములవారు తమ పేరులు వ్రాసిపోవుదురు. అప్పుడప్పుడు దానికి రంగు పూయుదురు. వచ్చినవారు మరల వ్రాయుదురు.

మేము చూడవచ్చినది బీటిల్సు నలుగురిలో గిటారు విద్వాంసుడైన జార్జి హారిసను పనిచేసిన చోటు. వీణ నేర్చుకొనుచున్న మా అమ్మాయికి, ఆయన 1967లో నిచ్చట పాడిన "వితిన్ యూ వితవుట్ యూ" అను పాట మిక్కిలి యిష్టము. అందు బీటిల్సులో ఆయన యొక్కడే యున్నాడు. దిలురుబా, తబలా, తంబుర మొదలగునవి వాయించినవారు లండనులో నివసించుచుండిన భారతీయులు. దిలురుబా జారుల ననుసరించునట్లు ఎనిమిది వయొలిన్లకును మూడు చెల్లోలకును జార్జి మార్టిను స్వరములు కూర్చెను.

"దిలురుబా వాయించిన దెవరమ్మా?" అని అమ్మాయి యింటియొద్ద నొకనాడు అడిగినది. రికార్డు అట్ట నంతయు వెదకితిమి. ఆ వాద్యగాండ్రలో నొక్కరి పేరును లేదు. 1966 నాటి "రివాల్వర్" అట్టపై తబలా వాయించిన అనిల్ భగవత్ పేరు అచ్చువేసినవారే, మరుసటి యేట వీరిని మరచిరి. పండుగనాడు తెల్లవారుజామునుండి పొయ్యియొద్ద నిలిచినవారిని, భోజనము చేసి లేచినవారు మరచుట మన మెరుగనిదా!

1968లో నలుగురికిని పొత్తు కుదురని దినములు వచ్చెను. "వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్" అను పాటను హారిసను వ్రాసి తెచ్చినను తోటివారు మనసు పెట్టలేదు. సెప్టెంబరు 6వ తేదీన ఆయన తన స్నేహితుడైన ఎరిక్ క్లాప్టనును వెంటబెట్టుకొని యీ యింటికి వచ్చెను. మీ రికార్డులలో పరులు వాయింపరు గదా యని క్లాప్టను వెనుదీయగా, పాట నాది గదా యని హారిసను ధైర్యము చెప్పెను. అతిథి రాగానే అందరును మర్యాదగా మసలుకొని శ్రద్ధతో వాయించిరని హారిసను తరువాత చెప్పియున్నాడు. పోరుపడు యింట చుట్టము అడుగు పెట్టగానే గొంతులు తగ్గును గదా!

1969 జనవరిలో సావిల్ రోలోని తమ స్టూడియోకు ఆయన బిల్లీ ప్రెస్టన్ అను అమెరికను విద్వాంసుని తోడ్కొనివచ్చెను. "గెట్ బ్యాక్" రికార్డుపై బీటిల్సు పేరుతోపాటు ప్రెస్టను పేరును అచ్చయ్యెను. క్లాప్టనుకు మాత్రము ఆనాటి రికార్డుపై ఆ గౌరవము దక్కలేదు. చుట్టము పోరును కొన్నాళ్లు ఆపగలడే గాని యిల్లు నిలుపలేడు. 1970లో ఆ నలుగురును విడిపోయిరి.

హారిసను మాత్రము నలుగురిని పిలుచుట మానలేదు. రవిశంకరు కోరగా బంగ్లాదేశ శరణార్థుల సహాయార్థము 1971 ఆగస్టు 1వ తేదీన న్యూయార్కులో కచేరీలు చేసెను. క్లాప్టను, ప్రెస్టను ఇరువురును అందు వాయించిరి. హారిసను 2001లో పరమపదించెను.

ఆ 1967 నాటి వాద్యగాండ్ర పేరులను చాలకాలమునకు పిమ్మట పరిశోధకులు వెలికితీసిరి. దిలురుబా వాయించినవారు అన్నా జోషి, అమృత్ గజ్జర్ అని మేమును తెలిసికొంటిమి.

తిరిగి వచ్చునప్పుడు అమ్మాయి కలము తీసి గోడయొద్దకు పోయినది. తన పేరు వ్రాయుచున్నదనుకొంటిమి. దగ్గరకు పోయి చూడగా, తెలుగు అక్షరములతో ఆ యిద్దరి పేరులును వ్రాసియున్నది. మరల రంగు పూసినప్పుడు అవియు పోవునని మే మెరుగుదుము. అయినను ఆ పేరులు కొన్ని దినములైన ఆ యింటి ముందు నిలిచినవి గదా యని సంతసించితిమి.