సూపర్‌మ్యాన్ ఎన్నిసార్లు పుట్టాడు?

సూపర్‌మ్యాన్ ఎన్నిసార్లు పుట్టాడో చెప్పండి చూద్దాం. 1938లో, యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో అంటారా? అది మొదటిసారి. 1986లో రచయిత జాన్ బర్న్ మళ్లీ పుట్టించాడు. 2011లో ఇంకోసారి పుట్టాడు. మధ్యలో 1992లో చచ్చిపోయాడు కూడా. ఏడాది తిరిగేసరికి లేచొచ్చాడనుకోండి!

ఇలా మొదటికొచ్చి మళ్లీ కథ ఎత్తుకోవడాన్నే రీబూట్ అంటారు. ఒకే మనిషి కథని దశాబ్దాల తరబడి నెలనెలా రాస్తూపోతే చిక్కులు రాకుండా ఉంటాయా? చేతులు మారేకొద్దీ ఒకరు చంపినవాణ్ని ఇంకొకరు బతికిస్తారు. లెక్క కుదరకపోతే అది వేరే భూమి మీద జరిగిందంటారు. సూపర్‌మ్యాన్‌ని అచ్చేసే డీసీ కంపెనీ వాళ్లకి అలా భూములు పెరిగిపోయి, 1985లో 'క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్' అని 12 సంచికల కథ నడిపి, అన్నిటినీ కలిపి ఒకే భూమి చేశారు.

అంతటితో ఆగితే బాగుండేది. 2011 సెప్టెంబరులో 'న్యూ 52' పేరుతో ఏకంగా 52 పత్రికలు ఒకటో నంబరుతో మొదలెట్టారు. ఒకటో నంబరుకి గిరాకీ ఎక్కువ మరి. సూపర్‌మ్యాన్‌కి ప్రియురాలు లోయిస్‌తో 1996లో అయిన పెళ్లి కాస్తా కాకుండా పోయింది. వీరులంతా రంగంలోకి దిగి ఐదేళ్లే అయిందన్నారు. బ్యాట్‌మ్యాన్ పాత చరిత్రని మాత్రం చాలావరకు ఉంచేశారు. ఆ ఐదేళ్లలోనే అతని తోడుగా ఉండే రాబిన్లు ఒకరి తర్వాత ఒకరు మారారట, పదేళ్ల కొడుకూ ఉన్నాడట! పాఠకులు వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నారు. 2016కల్లా పెళ్లయిన పాత సూపర్‌మ్యాన్ తిరిగొచ్చేశాడు. యాక్షన్ కామిక్స్ పాత నంబర్ల వరస అందుకుని 957తో బయల్దేరింది.

నాకేమనిపిస్తుందంటే, కొత్త పాఠకుణ్ని భయపెట్టేది పాత చరిత్ర ఒక్కటే కాదు. దీనికి ముగింపంటూ ఉండదన్న సంగతి కూడా. చందమామలో బేతాళ కథలు ఏళ్ల తరబడి వచ్చాయి కదా. శవం చెట్టెక్కడం ఎప్పటికీ ఆగదు. అయినా ఏ నెల కథ ఆ నెలలోనే పూర్తయ్యేది. నిరుటి సంచిక చదవలేదని ఏ పిల్లాడూ బాధపడలేదు.

కామిక్స్‌లో ఆ సుఖం ఇచ్చేవి చిన్న సిరీస్‌లు. 'వాచ్‌మెన్' చూడండి, 12 సంచికలు. అలన్ మూర్ మొదట ఆ కథని, డీసీ చార్ల్‌టన్ కంపెనీ దగ్గర కొనుక్కున్న వీరులతో రాస్తానన్నాడు. ఈ కథ అయ్యాక వాళ్లు ఇంకెందుకూ పనికిరారని డీసీ ఒప్పుకోలేదు. దాంతో కొత్తవాళ్లని సృష్టించుకున్నాడు. రేపటికి దాచుకోవాల్సిన అవసరం లేని పాత్రలు కాబట్టే, కథకి ఎలాంటి ముగింపు కావాలో అలాంటిదే ఇవ్వగలిగాడు. దాన్నీ వదల్లేదు లెండి. 2017లో 'డూమ్స్‌డే క్లాక్' అని మొదలెట్టి, వాళ్లని తెచ్చి సూపర్‌మ్యాన్ లోకంలో కలిపేశారు.

అలాగని పాత చరిత్ర వృథా అనడం లేదు. గ్రాంట్ మోరిసన్, ఫ్రాంక్ క్వైట్లీల 'ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్' మొదటి పేజీ నాలుగే బొమ్మలు, ఎనిమిదే మాటలు. సూపర్‌మ్యాన్ పుట్టిన గ్రహం క్రిప్టాన్ పేలిపోవడం నుంచి రైతు దంపతులకి పిల్లాడు దొరకడం దాకా అందులోనే అయిపోతుంది. అందరికీ తెలిసిన కథ కనకే అంత పొదుపు కుదిరింది. ఆ తర్వాత, తనకి చావు దగ్గరపడిందని తెలిసిన సూపర్‌మ్యాన్ మిగిలిన పనులు చక్కబెట్టుకోవడమే కథంతా. నెలనెలా బతికుండాల్సిన సూపర్‌మ్యాన్‌తో ఈ కథ చెప్పగలరా?

ఇవేవీ చదవనివారికి నేను చేతికిచ్చేది 'సూపర్‌గర్ల్: వుమన్ ఆఫ్ టుమారో'. టామ్ కింగ్ రచన, బిల్కిస్ ఎవ్లీ బొమ్మలు, 2021లో మొదలై 8 సంచికల్లో ముగిసింది. 21వ పుట్టినరోజుకి తాగుదామని సూపర్‌గర్ల్ ఎర్ర సూర్యుడున్న గ్రహానికి పోతుంది. అక్కడైతే శక్తులుండవు, మందు ఎక్కుతుంది! తండ్రిని చంపినవాడి మీద పగతో తిరుగుతున్న ఓ పిల్ల అక్కడే ఆమెకి తగులుతుంది. ఎనిమిదో సంచికకి లెక్కలన్నీ తేలిపోతాయి.

కాబట్టి ఈసారి ఎవరైనా "మళ్లీ ఒకటో నంబరు నుంచి మొదలెట్టాం, రండి" అని పిలిస్తే, ఆఖరి నంబరెంతో అడగండి. చెప్పగలిగితే కొనండి.